మెడ దిగిన చీమలు

పొద్దున్నే స్తమెనా ముందు పొయ్యి రాజేస్తుంది. తర్వాత కోళ్ళ గూడు తలుపు తీస్తుంది. ఆ తర్వాత మొగుణ్ణి ఎత్తుతుంది.

ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. గెంచోని మంచం అంచుకి జరిపి, కాళ్ళు కిందికి దించి, తను ఎదురుగా మోకాళ్ళు వంచి నిలబడుతుంది. గెంచో బాగున్న ఎడమ చెయ్యి ఆమె మెడ చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంటాడు. పడిపోయిన కుడి చెయ్యి తడి తువాలులా పక్కన వేలాడుతుంది. "హోప్!" అంటుంది స్తమెనా. మనిషి బరువంతా ఆమె మెడకి పడుతుంది. అలాగే ఒక్క తిప్పు తిప్పి చక్రాల కుర్చీలో కూలేస్తుంది. సాయంత్రం మళ్ళీ కుర్చీలోంచి మంచం మీదికి. మధ్యలో అవసరాలకి ఎన్నిసార్లో ఎవరు చూశారు. గెంచోకి పక్షవాతం వచ్చిన చలికాలం నుంచీ ఇదే వరస.

ఎత్తినప్పుడల్లా ఇద్దరి చెంపలూ ఆనుకుంటాయి. పక్కింటి వెలీకక్క ఓసారి కిటికీలోంచి చూసి నోరు ఊరుకోక అననే అంది.

"ఒసే స్తమెనా, పెళ్ళయిన కొత్తలో కూడా మీరిద్దరూ రోజుకి ఇన్నిసార్లు కావలించుకుని ఉండరు కదే!"

"అప్పుడు లారీ ఉండేదక్కా. లారీనే కావలించుకు తిరిగేవాడు," అంది స్తమెనా.

నవ్వులాటకే అన్నా, ఆ మాట ఆమెలో ఉండిపోయింది. నిజమే మరి. పిల్లల్లేరు. మొగుడు వయసంతా పెద్ద లారీ తోలి దేశాలు పట్టుకు తిరిగాడు. ఇంటిపట్టున ఉండే కాలానికి ఒళ్ళు ఇలా అయింది. ఇప్పుడు అతను ఆమెని తాకేది ఎత్తేటప్పుడే. ఆ తాకుడు కోసం బరువు కూడా బరువనిపించేది కాదు.

గెంచోకి పోయింది కుడి పక్క ఒక్కటే కాదు, మాట కూడా పోయింది. మిగిలింది తల ఊపడం. చిక్కంతా అక్కడే ఉంది. మా వైపు తల అడ్డంగా ఊపితే అవునని, గడ్డం పైకి ఎగరేస్తే కాదని. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ డాన్యూబు వంతెన దాటితే అవతలి దేశాల్లో అంతా తిరగబడి ఉంటుంది. అక్కడ అడ్డంగా ఊపితే కాదని, పైకీ కిందికీ ఊపితే అవునని. గెంచో కుర్రతనంలో ఓసారి ఒక సరిహద్దు దగ్గర "లారీలో ఏమన్నా దాచావా?" అని అడిగితే, లేదని మా పద్ధతిలో గడ్డం ఎగరేశాడు. వాళ్ళు దాన్ని అవునని పట్టుకుని టమాటా పెట్టెలన్నీ రోడ్డు మీదికి దింపించారు. సగం టమాటాలు ఎండకి చారయ్యాయట. అప్పట్నించీ జాగ్రత్త నేర్చుకున్నాడు. "వంతెన సగానికి రాగానే తల మార్చేసుకుంటా" అని ఊరందర్నీ నవ్వించేవాడు. మార్చుకోడం మర్చిపోయి ఇంటికొచ్చిన రోజులూ ఉన్నాయి. చారు పొయ్యనా అంటే అడ్డంగా ఊపేవాడు. ఈవిడ పోసేది. "వద్దన్నాగా!" అని కేకేసేవాడు. "నువ్వింకా వంతెన మీదే ఉన్నావా?" అనేది ఈవిడ.

ఇప్పుడు నోట మాట లేదు కాబట్టి, ఆ తల వంతెనకి ఏ ఒడ్డున ఉందో కనుక్కునే దారి లేకపోయింది. ఓ రోజు ఇటు ఉండేది, ఓ రోజు అటు ఉండేది. అందుకని స్తమెనా ఏ మాట అడిగినా, వెంటనే జవాబు తనకి తెలిసిన మాట ఇంకోటి అడగడం అలవాటు చేసుకుంది. "ఆకలేస్తోందా?" అని అడిగి, జవాబు చూసుకుని, "నీ పేరు గెంచోయేనా?" అని మళ్ళీ అడిగేది. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని ఇవాళ ఏ ఒడ్డో తేల్చుకునేది. గెంచోకి విసుగొచ్చి కళ్ళు మూసుకునేవాడు. అయినా ఆమె మానలేదు. తెలియకుండా ఒక మనిషికి అన్నం పెట్టలేం, తెలియకుండా ఆకలితోనూ ఉంచలేం కదా.

చీమలు మొదలైంది మిరపకాయల రోజుల్లో.

మా కొండ ఊళ్ళలో వేసవి వెళ్ళిపోయే ముందు పొడుగాటి ఎర్ర తీపి మిరపకాయలు కాల్చి, తొక్క ఒలిచి, చలికాలానికి సీసాల్లో పెట్టుకుంటారు. ప్రతి ఇంటి ముందూ కాల్చే డబ్బా ఒకటి, దాని చుట్టూ ఆడవాళ్ళు, ఊరంతా కమ్మటి పొగ. స్తమెనా, వెలీకక్క కలిసి ఒకే డబ్బా దగ్గర కూర్చున్నారు.

"నా కుడిచేతిలో చీమలు నడుస్తున్నాయక్కా," అంది స్తమెనా.

తిమ్మిరిని మా వైపు చీమల నడక అనే అంటారు. వెలీకక్క తల తిప్పి చూస్తే నిజంగానే నడుస్తున్నాయి. సన్నటి ఎర్ర చీమలు, ఒకదాని వెనక ఒకటి, మడిచిన జాకెట్టు చేతిలోంచి బయటికొచ్చి, మోచేతి బయటి పక్కగా దిగి, బొటనవేలి చుట్టూ, చూపుడువేలి చుట్టూ తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పోతున్నాయి.

"దులుపుకో, సీసాల్లో పడతాయి," అంది వెలీకక్క.

దులిపితే పోయాయి. కాసేపటికి మళ్ళీ వచ్చాయి.

ఆ వారంలోనే ఒకరోజు స్తమెనా డబ్బాలోంచి మిరపకాయ తీస్తూ ఉండిపోయింది. ఏదో కమురు వాసన వచ్చి చూస్తే తన బొటనవేలు. చర్మం తెల్లగా పొంగి ఉంది. నొప్పి లేదు. కాలిన వేలుని కళ్ళ దగ్గర పెట్టుకుని, అది ఎవరిదో వేలన్నట్టు చూసుకుంది. అప్పుడు భయమేసింది ఆమెకి. నొప్పి ఉంటే ఏడవచ్చు. నొప్పి లేకపోతే దేన్ని పట్టుకుని ఏడుస్తాం?

ఆ నొప్పి రావడానికీ ఎంతో కాలం పట్టలేదు. మెడ వెనక నుంచి భుజం మీదుగా మోచెయ్యి దాకా ఎవరో కాల్చిన తీగ లాగినట్టు లాగేది. ఆ తీగ వెంట చీమలు. రాత్రిళ్ళు దిండు మీద, దుప్పట్లో చీమలే. ఊళ్ళో తలొక మందూ చెప్పారు. ఒకరు మణికట్టుకి వెనిగర్ గుడ్డ కట్టమన్నారు. ఒకరు ఆల్‌బుకరా సారా రాసి రుద్దమన్నారు. కిటికీకీ తలుపుకీ మధ్య ఎదురుగాలిలో కూర్చున్నావు, గాలి కొట్టింది అన్నారు. మందుల దుకాణం అమ్మాయి చేతికి పట్టీ ఇచ్చి, "చీమలకైతే ఇదే అందరూ తీసుకుంటారు అత్తా," అంది. వెలీకక్క ఆమె వేళ్ళ పక్కన బల్ల మీద చిటికెడు పంచదార పోసి కూర్చోబెట్టింది, దిగి పోతాయేమోనని. అవి పంచదార వైపు చూడను కూడా చూడలేదు.

స్తమెనాకి తనంతట తాను దొరికిన ఉపాయం ఒక్కటే. కుడి అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుంటే చీమలు ఆగేవి. మంత్రం వేసినట్టు ఎక్కడివక్కడ నిలబడిపోయేవి. దాంతో ఆమె ఎప్పుడు చూసినా నెత్తిన చెయ్యి పెట్టుకునే తిరిగేది. కోళ్ళకి గింజలు వేసేటప్పుడు, రొట్టె కొనుక్కునేటప్పుడు, వీధిలో నడిచేటప్పుడు.

"ఎవరు పోయారే?" అని అడిగేవాళ్ళు ఎదురైనవాళ్ళు.

"ఇంకా ఎవరూ పోలేదు," అనేది.

ఒక ఉదయం ఎప్పటిలాగే పొయ్యి రాజేసి, కోళ్ళని వదిలి, గెంచో ముందు నిలబడింది. అతని చెయ్యి ఆమె మెడ చుట్టూ పడింది. "హోప్!" అంది. సగం లేచారు. అక్కడ ఆమె కుడి చెయ్యి వదిలేసింది. ఆమె వదల్లేదు, చెయ్యే వదిలేసింది. ఎవరో దీపం ఆర్పినట్టు అందులో బలం ఆరిపోయింది. గెంచో జారాడు. అతన్ని ఆపబోయి ఆమె కూడా జారింది. ఇద్దరూ నేల మీద పడ్డారు.

దెబ్బలేం తగల్లేదు. కానీ లేవడం ఎలా? ఆమె ఒక చేత్తో అతని చంక పట్టుకుని లాగింది. మనిషి కదల్లేదు. దుప్పటి కింద దూర్చి లాగింది. కాళ్ళ వైపు వెళ్ళి చూసింది, తల వైపు వెళ్ళి చూసింది. చివరికి చేతకాక అతని పక్కనే నేలమీద వెల్లకిలా పడుకుంది. గెంచో పైకప్పు దూలాల కేసి చూస్తున్నాడు. అతని కంటి చివరి నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. తుడుద్దామని ఆమె చెయ్యి ఎత్తబోయింది. అది లేవలేదు. దాని మీద చీమలు మాత్రం ఏమీ పట్టనట్టు తమ పనిమీద తాము పోతున్నాయి.

"చల్లగా ఉంది కదూ నేల?" అంది అతనితో. ఇంకేం అనాలో తోచలేదు.

పొయ్యిలో కట్టె కాలి కూలింది. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. పెరుగు తోడుకి వచ్చిన వెలీకక్క గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం చేస్తున్నారే అక్కడ?"

"పడుకున్నాం అక్కా."

వెలీకక్క వెనక్కి తిరిగింది. వీధిలోకి వెళ్ళి ఉత్తరాల అతన్ని పిలుచుకొచ్చింది. అతను సంచీ కింద పెట్టి గెంచోని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎత్తేసి, ప్యాంటుకి అంటిన చీమల్ని దులుపుకుని, "రోజూ ఎవరెత్తుతారు ఇతన్ని?" అన్నాడు.

డాక్టరమ్మ మానోవా గురువారాల్లో మా ఊరొస్తుంది, పోస్టాఫీసు పైగదిలో కూర్చుంటుంది. జుట్టు నెరిసిన మనిషి. తొందర లేని మనిషి. స్తమెనా నెత్తిన చెయ్యి పెట్టుకుని లోపలికి రాగానే ఆమె కలం కింద పెట్టేసింది.

"అలా పెట్టుకుంటే హాయిగా ఉందా?"

"మీకు వెలీకక్క చెప్పిందా?"

"మీ వెలీకక్క నాతో తన మోకాళ్ళ గురించి తప్ప ఇంకేం చెప్పదు. కూర్చో. చీమలు ఏ వేళ్ళకి వస్తున్నాయి?"

"బొటనవేలికి. ఈ పక్క వేలికి."

"చిటికెన వేలికి?"

"అటు పోవండి. అదంటే వాటికి ఇష్టం లేదు."

"ఇష్టం కాదమ్మా, అటు వాటికి దారి లేదు. చిటికెన వేలిది వేరే దారి." డాక్టరమ్మ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, దూదితో ఒకచోట, సూది మొనతో ఒకచోట తాకి చూసింది. మోచెయ్యి వంచమని, తను అడ్డం పట్టింది. అది సులువుగా వెనక్కి వచ్చేసింది. చిన్న సుత్తితో కొట్టి చూసింది. ఎడమ చెయ్యి ఎగిరింది. కుడి చెయ్యి ఊరుకుంది. "ఇన్నాళ్ళూ మందు ఎక్కడ రాశారు?"

"చేతికే."

"చేతికెందుకు?"

"చీమలు చేతిలో ఉంటే చేతికి కాక ఇంకెక్కడ రాస్తారు డాక్టరమ్మా?"

"పుట్ట ఉన్న చోట."

డాక్టరమ్మ ఆమె తలగుడ్డ విప్పింది. జుట్టు ముడి పైకెత్తి పట్టుకుని, తలని మెల్లగా వెనక్కి, కుడి భుజం మీదికి వంచి, అరచేత్తో కొంచెమంటే కొంచెం అదిమింది. స్తమెనా కెవ్వుమంది. మెడ వెనక, ఎముక పక్కన, ఆవగింజంత చోటులోంచి చీమలు బిలబిలా పుట్టుకొచ్చాయి. జాకెట్టు లోంచి భుజం దాటి చెయ్యంతా దిగిపోయాయి. డాక్టరమ్మ తల వదిలేసి, ఆ చీమల్లో ఒకదాన్ని తన అద్దాల మీద నుంచి తీసి నెమ్మదిగా కిటికీ బయట వదిలింది.

"చూడమ్మా. మెడలో ఎముకలు ఒకదాని మీద ఒకటి గాజుల దొంతరలా ఉంటాయి. ప్రతి రెండింటి మధ్యా మెత్తటి దిండు. ఆ పక్కన చిన్న కిటికీ. ఒక్కో కిటికీలోంచి ఒక్కో నరం బయటికొస్తుంది. ఒకటి భుజానికి, ఒకటి బొటనవేలికి, ఒకటి నడిమి వేలికి, అలా. నీ దిండు ఒకటి పక్కకి పొంగి, బొటనవేలి నరాన్ని కిటికీలో నొక్కేసింది. అంతే. చేతిలో తప్పేం లేదు. చెయ్యి పాపం పైన జరిగింది కింద చెబుతోంది."

మనిషి ఒంట్లో ఎన్నెన్ని దారులో, ఎక్కడి గొడవ ఎక్కడికొచ్చి బయటపడుతుందో అని స్తమెనా ఆశ్చర్యపోయింది. చెయ్యి తనదే అయినా ఇన్నాళ్ళకి దానితో పరిచయమైనట్టుంది.

"తగ్గుతుందా మరి?"

"చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మెడని వదిలేస్తే. వదలకపోతే, చెయ్యి ఇంకా బలం పోతే, పట్నంలో కోత పెట్టాల్సి రావచ్చు. అప్పటికీ పోయిన బలం అంతా తిరిగొస్తుందని నేను మాటివ్వలేను. నీ మెడకి ఏదన్నా వేలాడుతోందా? బరువు మోస్తావా?"

స్తమెనా తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంది.

"మా ఆయన," అంది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంకెవరూ లేరా ఎత్తడానికి? ఊళ్ళో మగవాళ్ళు?"

"మా ఊళ్ళో మిగిలిన మగవాళ్ళు ఎవరో ఒకరు ఎత్తాల్సినవాళ్ళే డాక్టరమ్మా."

"తన కాళ్ళ మీద ఏమాత్రం బరువు వేసుకోలేడా?"

"కాళ్ళు కొంచెం ఆనుతాయి. పట్టుకుని నిలబడ్డానికి చెయ్యి కావాలి కదా. ఎడమ చేత్తో నన్ను పట్టుకుంటాడు. కుడిది లేదు."

మెట్లు దిగుతుంటే స్తమెనాకి అంతా స్పష్టంగా అర్థమైంది. ఇన్నాళ్ళూ ఏమీ అర్థం కాక భయపడింది. ఇప్పుడు అర్థమై భయపడింది. గెంచోని ఎత్తితే చెయ్యి పోతుంది. చెయ్యి పోతే గెంచోని ఎత్తలేదు. ఎటు నుంచి లెక్కేసినా గెంచో నేలమీదే ఉన్నాడు. ఆమె ఒంటి మీద అతని స్పర్శ మిగిలిన ఒక్క చోటే, ఆ చీమల పుట్ట.

మాట ముందు వెలీకక్కే ఎత్తింది.

"నా చెల్లెలి కూతురు ఇవెలీనా పట్నంలో వృద్ధాశ్రమంలో పని చేస్తోందిగా. అక్కడో మంచం ఖాళీ అయిందట. మంచి చోటే, వేడినీళ్ళు వస్తాయి. ఎత్తడానికి ఇద్దరు మగపిల్లలున్నారు."

"నేను బతికుండగానా?"

"నువ్వు బతికుండాలనే."

ఆ రాత్రి కాదు, మర్నాడూ కాదు, ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుగింజల చారు తాగించాక స్తమెనా అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తడి గుడ్డతో మూతి తుడిచింది. చొక్కా బొత్తాం సరిచేసింది. సరిగ్గా ఉన్న బొత్తామే.

"గెంచో. ఆశ్రమానికి వెళతావా?"

అతను ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. మెల్లగా, ఇటూ, అటూ.

ఇప్పుడు రెండో ప్రశ్న అడగాలి. 'నీ పేరు గెంచోయేనా?' అని అడగాలి. పెదాల దాకా వచ్చింది. అడిగి, దానికీ అతను అడ్డంగానే ఊపితే, తనని వదిలి వెళతానన్నట్టు. పైకీ కిందికీ ఊపితే, వెళ్ళనన్నట్టు, అప్పుడు తను అతన్ని ఎక్కడ ఉంచుకుంటుంది, ఏ చేత్తో ఎత్తుతుంది? రెండు జవాబుల్లో ఏదీ ఆమె మొయ్యగలిగింది కాదు. గిన్నె తీసుకుని లేచిపోయింది.

"వెళతానన్నాడు," అని వెలీకక్కతో గోడ మీద నుంచి చెప్పింది.

"రెండో మాట అడిగావా?"

స్తమెనా కోళ్ళని తోలుకుంటూ గోడ దగ్గర్నించి వెళ్ళిపోయింది.

ఆశ్రమంలో బట్టలన్నీ కలిపి ఉతుకుతారు కాబట్టి ప్రతి బట్ట మీదా పేరు కుట్టి పంపాలట. స్తమెనా గుమ్మంలో కూర్చుని చొక్కాలకి, బనియన్లకి, మేజోళ్ళకి ఎర్ర దారంతో గెంచో, గెంచో అని కుట్టింది. సూది బొటనవేలిలో దిగినా తెలిసేది కాదు. దారం ఎర్రది కాబట్టి రక్తమూ తెలిసేది కాదు. చీమలు ఆ అక్షరాల మీదుగా నడిచిపోయేవి. ఆ వారమంతా కూడా ఆమే ఎత్తింది. మరెవరెత్తుతారు? ఎత్తిన ప్రతిసారీ ఇది ఇక కొన్నిసార్లే అనుకునేది. అలా అనుకుంటే ప్రాణం తేలికపడాలి కదా. ఇంకా బరువెక్కేది.

కారు పొద్దున్నే వచ్చింది. వెనక తలుపు వెడల్పుగా ఉన్న తెల్ల కారు. ఇవెలీనా దిగింది. కారు నడిపే అబ్బాయి కూడా దిగాడు, గడ్డం ఉన్నవాడు, బలంగా ఉన్నాడు, గెంచో బట్టల మూటలు కారెక్కించాడు. వెలీకక్క దారికని పెనం మీంచి దించిన జున్ను రొట్టె గుడ్డలో చుట్టి పట్టుకొచ్చింది. దేన్ని చూసినా ముక్కు చీదుతోంది. స్తమెనా గెంచోకి తెల్ల చొక్కా తొడిగి, గడ్డం గీసి, కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాకా తెచ్చింది. గుమ్మం ఎత్తు. కుర్చీ దాటదు. అక్కణ్ణించి మనిషినే దాటించాలి.

"నేనెత్తుతా పిన్నీ," అన్నాడు గడ్డం అబ్బాయి.

"వద్దు నాయనా. ఈ ఒక్కసారి నన్ను ఎత్తనీ."

"డాక్టరమ్మ ఏం చెప్పిందే నీకు?" అని వెలీకక్క అరిచింది.

"ఇదే ఆఖరక్కా."

స్తమెనా నెత్తి మీది చెయ్యి తీసింది. అతని ముందు మోకాళ్ళు వంచి నిలబడింది. గెంచో ఎడమ చెయ్యి ఎప్పటిలా ఆమె మెడ చుట్టూ వచ్చింది. అరచెయ్యి సరిగ్గా మెడ వెనక, తలగుడ్డ కింద, ఆ ఆవగింజంత చోటు మీద పడింది. చెంపకి చెంప ఆనింది. కొత్తగా గీసిన గడ్డం, సబ్బు వాసన.

"హోప్," అంది. మళ్ళీ అంది.

లేచారు. మెడలో తీగ భగ్గున మండింది. కళ్ళు మూసుకుని చీమల కోసం కాచుకుంది. చీమలు రాలేదు. భుజం మీద లేవు, మోచేతి మీద లేవు, వేళ్ళ దగ్గర లేవు. కళ్ళు తెరిచి చూస్తే అవి గెంచో ఎడమ అరచేతి మీదికి ఎక్కుతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, ఇల్లు మారే జనంలా. కొన్నిటి నోట తెల్లటి గుడ్లు కూడా ఉన్నాయి. అతని మణికట్టు దాటి, తెల్ల చొక్కా చేతి మీదుగా ఎక్కి, కాలరు కింద దూరి, మెడ వెనక చుట్టు తిరిగి అవతలి భుజం మీద బయటపడ్డాయి. అక్కణ్ణించి కుడి చెయ్యి దిగడం మొదలెట్టాయి.

"మామ్మగారూ, కారులో సీట్ల మీద గుడ్డ పరవమంటారా, చీమలున్నట్టున్నాయి," అన్నాడు గడ్డం అబ్బాయి.

"పరిచెయ్యి నాయనా," అంది వెలీకక్క ముక్కు తుడుచుకుంటూ.

గెంచో ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. అది మాట కాదు, కానీ స్తమెనాకి ఆ మూలుగు తెలుసు. కాలు తిమ్మిరెక్కి నేల మీద మోపినప్పుడు ఎవరైనా అలాగే మూలుగుతారు. తడి తువాలులా వేలాడే ఆ చేతి మీద చీమలు మోచెయ్యి దాటాయి. మణికట్టు దాటాయి. బొటనవేలికి, చూపుడువేలికి, నడిమివేలికి, చిటికెన వేలికి కూడా, దారులన్నీ వాటివే అన్నట్టు, విడిపోయి దిగాయి. వేళ్ళు వణికాయి. బొటనవేలు లోపలికి వంగింది. చాపుకుంది. మళ్ళీ వంగింది.

"కుడుతున్నాయా నిన్ను?" అంది స్తమెనా భయంగా. "గెంచో, నొప్పా?"

అతను ఆమె మాట వింటున్నట్టు లేడు. తన చేతినే చూసుకుంటున్నాడు, ఏళ్ళ తర్వాత ఊరికొచ్చిన వాణ్ణి గుమ్మంలో చూసినట్టు. ఆ చెయ్యి గోడ వెంట పాకింది. తలుపు చట్రాన్ని తడిమింది. జారింది. మళ్ళీ తడిమి, ఈసారి పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. అప్పుడు స్తమెనాకి ఏదో తేలికైంది. ఏమిటో మొదట తెలియలేదు. తర్వాత తెలిసింది. మెడ. గెంచో తన ఎడమ చెయ్యి ఆమె మెడ మీద నుంచి తీసేశాడు.

ఊగుతున్నాడు. కాళ్ళు ఎండుటాకుల్లా వణుకుతున్నాయి. కానీ నిలబడే ఉన్నాడు. స్తమెనా పట్టుకోబోయి, పట్టుకోకుండా, రెండు చేతులూ అతనికి బెత్తెడు దూరంలో ఉంచి ఊపిరి బిగబట్టింది.

బయటి నుంచి ఇవెలీనా పిలిచింది. "గెంచో మామయ్యా, వస్తున్నావా మరి? వస్తావా, రావా?"

వెలీకక్క రొట్టె గుండెకి అదుముకుని అతని తల కేసి చూసింది. స్తమెనా చూసింది. గడ్డం అబ్బాయి కూడా చూశాడు. అందరూ అతని తల ఎటు ఊగుతుందో అని చూశారు.

తల కదల్లేదు. గెంచో ఎడమ చేత్తో చట్రాన్ని పట్టుకున్నాడు. చీమలు నిండిన కుడి చెయ్యి చట్రాన్ని వదిలి తలుపు మీదికి వెళ్ళింది. అరచెయ్యి చెక్కకి ఆనింది. తోసింది. పాత తలుపు, బరువైన తలుపు. సగం దాకా వెళ్ళి ఆగింది. గెంచో పళ్ళు బిగించి మళ్ళీ తోశాడు. స్తమెనా సాయం పట్టలేదు. తలుపు కిర్రుమంటూ వెళ్ళి మూసుకుంది.

బయట చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"పెద్దమ్మా, ఏమంటాడు?" అంది ఇవెలీనా గొంతు.

"తలుపేశాడుగా," అంది వెలీకక్క. "మూటలు దింపించు."

లోపల చీకటిగా ఉంది. ఖాళీ కుర్చీ కొంచెం వెనక్కి దొర్లి గోడకి తగిలి ఆగింది. ఆ ఇంట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎవరి మెడకీ ఎవరూ వేలాడడం లేదు.